సగం చిల్లు

మా యార్డులో పడవలు నేల మీద నిలబడతాయి
ఇనుప కాళ్ళ మధ్య, పొట్టలు గాలికి ఆరబెట్టుకుని.
నిచ్చెనలు వేయడం, తీయడం,
అద్దె కట్టని వాళ్ళకి ఉత్తరాలు రాయడం నా పని.
గ్వెన్నిలి గురించి ఒక్క ఉత్తరమూ రాయలేదు.
ఆరు చలికాలాలు, నెల మొదటి వారంలో
రెండు కవర్లు వచ్చేవి,
గుల్వెన్ పంపింది ఒకటి, మతురిన్ పంపింది ఒకటి,
సగం సగం, చిల్లరతో సహా.

గ్వెన్నిలి అంటే వానకోయిల.
పాతికేళ్ళు ఇద్దరూ కలిసి నడిపారు దాన్ని.
ఐర్లాండు దాకా వెళ్ళొచ్చారు
ఒకడు చుక్కాని పడితే ఒకడు కాఫీ కాస్తూ.
తర్వాత ఏదో తెరచాప ఖరీదు దగ్గర
మాటా మాటా వచ్చిందట.
పైన టార్పాలిన్ ఎవరు కట్టాలన్నది
తేలనే లేదు.
వాడు వస్తాడులే అని వీడు,
వీడు చూస్తాడులే అని వాడు.
ఇద్దరి మధ్యలోకి ఆకాశం వచ్చింది.

మా బ్రెటన్ తీరంలో వాన కురవదు,
ఉంటుంది.
చేపల వేలం మొదలయ్యేటప్పుడు ఉంటుంది,
వేలం ముగిసి బుట్టలు కడిగేటప్పుడూ ఉంటుంది.
ఓ సాయంత్రం గట్టు మీది ఓక్ చెట్టు నుంచి
ఒకే ఒక్క ఆకుని మోసుకొచ్చి
చుక్కాని దగ్గర, బొటనవేలంత తూము మీద
తడి చేత్తో అతికించింది.
అంతే. అంతకు మించి కుట్రేమీ లేదు.

ఏప్రిల్లో పక్క పడవకి రంగు వేస్తూ
సుత్తి పిడితో ఊరికే దాని పొట్ట మీద కొట్టాను.
ఎండు చెక్క ఖంగుమంటుంది.
నిండుకుండ తొణకదంటారు,
ఇది పలకనైనా లేదు.

ఉబ్బిన తలుపుని గూటంతో ఒప్పించి తెరిస్తే
లోపల నీళ్ళు.
కదలకుండా, తేటగా,
పడక అంచుల దాకా.
సముద్ర పటం విచ్చిపోయి
ఐర్లాండు ఓ నీలం మరకగా పరుపుకి అంటుకుంది.
పొయ్యి తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతోంది.
రెండు ఎనామిల్ కప్పులు
తాకీ తాకనట్టు పక్కపక్కన తేలుతున్నాయి.

సముద్రం పాతికేళ్ళు బయటి నుంచి తలుపు తట్టింది.
ఈ చెక్క రానివ్వలేదు.
ఉప్పునీళ్ళలో చెక్క ఊరగాయలా నిలవుంటుంది.
కుళ్ళబెట్టేవి మంచినీళ్ళే.
ఆ పేరు ఎవరు పెట్టారో గానీ.

ఇద్దరికీ ఫోన్ చేశాను. ఇద్దరూ ఎత్తలేదు.
అప్పటికే ఇనుప కాళ్ళు మట్టిలోకి దిగుతున్నాయి.
ఇరవయ్యేళ్ళుగా చిల్లులు పూడ్చి బతికినదాన్ని,
బరమా తీసుకుని పడవ కింద వెల్లకిలా పడుకున్నాను.
ఎక్కడ పొడవాలో చెయ్యికి తెలుసు,
పొడవడానికే రాలేదు కాసేపు.

నీళ్ళు వచ్చాయి.
ముందు టీ రంగులో, నా ముఖం మీద,
తర్వాత విల్లులా వంగి,
మధ్యాహ్నం దాటాక సన్నటి దారంలా.
యార్డు కుక్క కాసేపు తాగి మొహం తిప్పుకుంది.
చీకటి పడేదాకా అవి జారుబల్ల వెంట నదిలోకి
ఆలస్యమైనవాళ్ళలా నడిచి వెళ్ళాయి.
పక్కటెముకలు పదకొండు.
నాలుగింట్లో నా చాకు పిడిదాకా దిగింది,
తడిసిన రొట్టెలో దిగినట్టు.
మిగతా ఏడూ చాకుని వెనక్కి నెట్టాయి.

బిల్లు రాశాను:
చిల్లు, ఒకటి. నలభై యూరోలు.
అలవాటు ప్రకారం రెండుగా చేసి పంపాను.

శుక్రవారం మతురిన్ ఫోన్ చేశాడు.
"సగం చిల్లు ఏమిటమ్మా?
కుడి పక్కదా, ఎడమ పక్కదా?"
"అడుగునది" అన్నాను.
చాలాసేపు మాట్లాడలేదు.
వాళ్ళింటి రేకుల మీద కూడా వాన చప్పుడు.
"అతను వచ్చాడా?"
"లేదు. ఇంతకు ముందే చేశాడు.
అదే అడిగాడు."

మళ్ళీ వాన.
"లోపల కప్పులుండాలి" అన్నాడు.
"ఉన్నాయి."
"రెండూనా?"
"రెండూ. నిచ్చెన మెట్టు మీద
బోర్లించి పెట్టాను."